కాణిపాకంలో మా ఇంటి ఓటు

చిత్తూరు కోర్టు ఎదురుగా మాకు జిరాక్సు అంగడి ఉంది. అక్కడే ఒక మూల కూర్చుని నేను అఫిడవిట్లు టైపు చేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా చేతుల మీదుగా ఎన్ని ప్రమాణాలు పోతాయో లెక్కలేదు. పైన చెప్పినదంతా నిజమని దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నానని కింద కొట్టి ఇస్తాను. జనం చదవకుండానే సంతకం పెట్టి, పక్కన టీ తాగి, బస్సెక్కి వెళ్ళిపోతారు. అందులో సగం అబద్ధమని నాకు తెలుసు, వాళ్ళకు తెలుసు, వకీళ్ళకు ఇంకా బాగా తెలుసు. ఎవరికీ ఏమీ కాదు. అందుకే ప్రమాణమంటే నాకు భయం లేదని చాలా ఏళ్ళు అనుకున్నాను.

కాణిపాకం సంగతి వేరు. ఆ మాట వినపడితే మా వైపు ఎంతటి వాగుడుకాయకైనా గొంతు తగ్గుతుంది. కోర్టులో గుడ్లురిమి అబద్ధాలు చెప్పినవాళ్ళు, "అయితే కాణిపాకంలో చెప్పు రా" అనగానే చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోవడం నా కళ్ళతో చూశాను. స్నానం చేసి, తడి బట్టలతో వినాయకుడి ముందు నిలబడి బొంకితే ఏడాది తిరగకుండా ఇంట్లో ఏదో ఒకటి జరుగుతుందని మావాళ్ళ నమ్మకం. మా అమ్మ అయితే నిప్పు కాలుతుందని నమ్మినట్టు నమ్ముతుంది. నేను చదువుకున్నదాన్ని, నాకు అదంతా లేదని చెప్పుకుంటాను. చెప్పుకోవడం వరకే.

మా ఊరు ఐరాలకు దగ్గర. నాయనకు మామిడి తోట ఉంది, అంతా తోతాపురి. దానితోపాటు ఆయనకు ఇంకో కొలువు ఉండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మా ఊరి బడిలో పెట్టే బూత్‌లో ఎంపీ తరఫున ఏజెంటుగా కూర్చోవడం. ఆ ఎంపీ మా పార్లమెంటు స్థానంలో మొదటిసారి నిలబడినప్పుడు నేను పావడా కట్టుకునే పిల్లను. అప్పటినుంచి ఆయన ఓడుతూ గెలుస్తూ, గెలుస్తూ ఓడుతూ ఉన్నాడు. మా బూత్‌లో మాత్రం ఎప్పుడూ ఓడలేదు.

ఈ చరిత్రంతా నాయనకు ఎక్కాల్లాగా నోటికొచ్చు. ఏ ఎన్నికలో ఏ మండలం చెయ్యిచ్చింది, ఏ మండలం ఆదుకుంది, ఆఖరి రౌండులో ఏ ఊరి మిషన్లు తెరిచాక గాలి మారింది, అన్నీ చెప్పేవాడు. గెలిచిన ఎన్నికల కన్నా ఓడిన వాటి గురించే ఎక్కువ ఇష్టంగా చెప్పేవాడు. "నియోజకవర్గం అంతా మునిగిపొయినా మన బూత్ తేలింది మా" అనేవాడు నాతో. అమ్మ వంటింట్లోంచి ఊరుకునేది కాదు. "నాకు పెండ్లయి ఎన్నేండ్లయిందో తెల్దు గానీ, ఆయప్పకు యాడ ఎన్ని తగ్గినాయో బాగా తెలుసు ఈయనకు" అని ఎత్తిపొడిచేది. నాయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వులో గర్వం ఉండేది.

పోయిన ఎన్నికల్లో కూడా ఆయనే ఏజెంటు. మాకు పార్లమెంటుకూ అసెంబ్లీకీ ఓట్లు ఒకే రోజు పడతాయి కాబట్టి బూత్‌లో రెండు మిషన్లు ఉంటాయి. పార్లమెంటు మిషను మీద తెల్ల కాగితం, అసెంబ్లీ మిషను మీద గులాబీ కాగితం. మా ఊళ్ళో వాటిని తెల్ల మిషను, ఎర్ర మిషను అంటారు. ఏ మిషన్లో ఎవరికెన్ని వచ్చాయో లెక్కింపు దగ్గర పార్టీలవాళ్ళు రాసుకుంటారు. రహస్య ఓటు అంటారు గానీ, ఊరు చిన్నదైతే రహస్యం కూడా చిన్నదే. ఎవరు వేయలేదో తెలియకపోయినా, ఎంతమంది వేయలేదో ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది.

లెక్కింపు రోజు ఎంపీ గెలిచాడు. ఊళ్ళో టపాకాయలు కాల్చారు. ఆ పొగ ఇంకా వదలకముందే మా బూత్ లెక్క వచ్చింది. ఎర్ర మిషన్లో ఆయన పార్టీకి ఎప్పటిలాగే మెజారిటీ. తెల్ల మిషన్లో ఆయన ఓడిపోయాడు. తేడా పిడికెడు ఓట్లే. కానీ ఆయన ఓడినప్పుడు కూడా ఓడని బూత్, గెలిచినప్పుడు ఓడింది. అంటే పార్టీ మనుషులే ఒక మిషన్లో సరిగ్గా నొక్కి, ఇంకోదాంట్లో చెయ్యి మార్చారన్నమాట. పరాయివాళ్ళ పని కాదు, ఇంటిదొంగల పని.

మా ఊళ్ళో పార్టీకి ఒక నాయకుడున్నాడు. రోడ్డు పని వచ్చినా, బోరు వచ్చినా ఆయన చేతి మీదుగానే రావాలి. వరసకు నాయనను మామా అని, అమ్మను అత్తా అని పిలుస్తాడు. ఎంపీకి దండ వేయడానికి తిరుపతి వెళితే, పార్టీలో ఆయనంటే గిట్టనివాళ్ళు నలుగురిలో నవ్వారట, సొంత ఊరి బూత్ కాపాడుకోలేనివాడు దండ తెచ్చాడని. ఆ మంట కడుపులో పెట్టుకుని తిరిగొచ్చి, రచ్చబండ దగ్గర అందరినీ నిలబెట్టాడు. పార్టీ కండువా వేసుకున్న ప్రతి ఇంటినుంచి ఒక మగవాడు కాణిపాకం రావాలి. తానూ తన ఇంట్లోవాళ్ళూ తెల్ల మిషన్లో ఎంపీకే వేశామని ప్రమాణం చేయాలి. రానివాడు దొంగ.

రానివాడికి ఏమవుతుందో ఆయన చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా. అంతకుముందు ఎన్నికల తర్వాత, అవతలి పార్టీకి ఏజెంటుగా కూర్చున్న ఒక రైతు తోటలో కాపుకొచ్చిన చెట్లను ఎవరో మొదలంటా రంపంతో కోసేశారు. ఆ మొదళ్ళు ఇప్పటికీ బస్సులోంచి కనపడతాయి. ఎవరు కోశారో ఊరందరికీ తెలుసు. పోలీసులు వచ్చి అడిగితే ఊరందరికీ తెలియదు.

అమ్మ నాకు ఫోన్ చేసింది. "ఒకసారి రా మా" అంది, అంతే. అంగడి మా ఆయనకు అప్పగించి బస్సెక్కాను. దారి పొడుగునా కాపు మీదున్న తోటలు. అంత చక్కని కాయలు చూస్తుంటే మామూలుగా నోరూరుతుంది. ఆ రోజు నాకు రంపాలే గుర్తొచ్చాయి. ఇంకో సంగతి కూడా తొలుస్తూ ఉంది. అమ్మే ఓటు మార్చి ఉంటుంది. ఆ ఎంపీ పేరెత్తితే మూతి తిప్పేది ఆమే. నాయన లోకమంతా ఆ బూతే, ఆయన మారుస్తాడని కలలో కూడా అనుకోలేదు.

ఇంటికి వెళ్ళేసరికి నాయన తోటలో ఉన్నాడు. అమ్మ వంటింట్లో అలసందలు ఒలుస్తూ కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, "నిజం చెప్పు, నువ్వే కదా?" అన్నాను.

అమ్మ నా వైపు చూసింది. "నేను ఆయప్పకే ఏసినా. మీ నాయన ముప్పై ఏండ్లుగా చెప్తా ఉండాడు, నా ఏలు దానంతటదే ఆడికి పోతాది." ఇంకో కాయ ఒలిచి, "ఎయ్యనిది మీ నాయన" అంది.

నాకు నవ్వొచ్చింది ముందు. తర్వాత కాణిపాకం గుర్తొచ్చింది.

సంగతి అంతకుముందు ఏడాది మామిడి సీజను నాటిది. గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళు గేట్లు మూసేశారు. బయట రోడ్డు మీద ట్రాక్టర్లు బారులు తీరాయి, ఎండకు కాయ ట్రాక్టర్ల మీదే మాగి కారిపోతోంది. నీకు ఎంపీ బాగా తెలుసు కదా, పోయి చెప్పమని రైతులంతా నాయనను పంపారు. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని తిరుపతి వెళ్ళాడు. ఎంపీ దిగిన గెస్ట్‌హౌసు ముందు చాలాసేపు నిలబడ్డాక లోపలికి పిలిచారు. "ఏ ఊరప్పా మీది?" అని అడిగాడట ఎంపీ. నాయన ఊరి పేరు చెప్పాడు. ఐరాల పక్కనే అని కూడా చెప్పాడు. ఎంపీ పక్కనున్నవాళ్ళ వైపు తిరిగి, "ఆ పక్క మనకెప్పుడూ ఓట్లు పడవు కదా" అని, నవ్వి, నాయన చేతిలో అర్జీ తీసుకుని ఎవరికో ఇచ్చాడట.

"ఇంటికొచ్చి అన్నం తినలే. చొక్కా కూడా ఇప్పలే" అంది అమ్మ. "పడతాయి సార్, మా బూత్‌లో ఎప్పుడూ పడతాయి సార్ అని చెప్పబోతే నోరు రాలేదంట. ఓట్ల రోజు సాయంత్రం వచ్చి నాతో చెప్పినాడు. ఎర్ర మిషన్లో పార్టీకి ఏసి, తెల్ల మిషన్లో పక్కది నొక్కినాడంట. చెప్పి బిడ్డ మాదిరి ఏడ్చినాడు."

నాయన మీద నాకు కోపం వచ్చింది, జాలి వచ్చింది. ఆ ఎంపీ ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. నాయన రాగానే నా కోర్టు తెలివంతా బయటికి తీశాను. ఒంట్లో బాగాలేదని చెప్పి నాతో చిత్తూరు వచ్చెయ్యమన్నాను. "ఆ రోజే బాగలేకుండా పోతే ఊరికి తెల్దా?" అన్నాడు. పోనీ, ఉన్నదున్నట్టు ఒప్పుకోమన్నాను. ఆయన తోట వైపు చూశాడు. జవాబు అదే. ఆఖరికి, "ఒక్క మాటే కదా నాయనా, చెప్పేయ్. నా ముందర రోజూ ఎంతమంది చెప్పడం లేదు?" అన్నాను.

"ఆడ నిలబడి నువ్వు చెప్తావా?" అన్నాడు నాయన.

చదువుకున్నదాన్ని, టైపు వచ్చినదాన్ని, రోజుకు ఇన్ని ప్రమాణాలు అచ్చు వేసి ఇచ్చేదాన్ని, ఆ ఒక్క మాట చెప్పలేనని ఆ క్షణాన నాకు తెలిసింది.

"నేనే చెప్తాలే" అన్నాడు చివరికి. "నాకు ఏమైనా అయితే నాకే అయితాది. చెట్లన్నా మిగులుతాయి మీ అమ్మకు." అమ్మ అలసందల చేట పక్కన పెట్టి లేచి, దేవుడి పటం ముందు చాలాసేపు నిలబడింది.

కాణిపాకం రోజు పొద్దున్నే రెండు జీపుల్లో మగవాళ్ళు, వెనక బస్సులో మేము వెళ్ళాం. ఆడవాళ్ళు అక్కరలేదన్నారు. అమ్మ వింటేనా. కోనేట్లో మగవాళ్ళు మునిగి లేచారు. నాయన ఒంటికి పంచె అతుక్కుపోయి, పక్కటెముకలు కనపడుతున్నాయి. ఆయన ఎప్పుడు అంత చిక్కిపోయాడో నేను గమనించనే లేదు. ఈలోపల అమ్మ కూడా మెట్లు దిగి, చీరతోనే మూడు మునకలు వేసింది. పుణ్యానికేమో అనుకున్నాను. ఊరి నాయకుడు మాత్రం పొడి చొక్కాతో, చేతిలో ఫోన్‌తో ఒక పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన మునగలేదు. ఆయన్ను మునగమని అడిగేవాళ్ళెవరూ అక్కడ లేరు.

ధ్వజస్తంభం ముందు ఒక్కొక్కరే వచ్చి, గర్భగుడి వైపు తిరిగి చేతులు జోడించి చెబుతున్నారు. నేను, నా ఇంట్లోవాళ్ళు తెల్ల మిషన్లో ఆయనకే ఏసినాము, అబద్ధమైతే ఆ సామే చూసుకుంటాడు. ఒకాయన గబగబా చెప్పి, వెనక ఎవరో తరుముతున్నట్టు వెళ్ళిపోయాడు. వచ్చినవాళ్ళంతా వేశామనే చెప్పారు. మరి ఆ ఓట్లు ఎక్కడికి పోయాయో ఆ వినాయకుడికే తెలియాలి. ఆ తడి మనుషుల్లో నాయన ఒక్కడే కాడని నాకు అర్థమైంది. అది తెలిసి కూడా ధైర్యం రాలేదు. వాళ్ళ భయం వాళ్ళది, మా భయం మాది.

నాయన వంతు వచ్చింది. ముందుకు నడిచాడు. చేతులు జోడించాడు. చెప్పొద్దు నాయనా అని అరవాలనిపించింది. చెప్పేయ్ నాయనా, బయటపడదాం అని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి.

అంతలో నా పక్కన అమ్మ లేదు.

ఆమె తడి చీరతో వెళ్ళి నాయనకు ముందు నిలబడింది. "ఆయన్ను అడగొద్దప్పా" అంది ఊరి నాయకుడితో. గొంతు గట్టిగా ఉంది. "మా ఇంట్లో తప్పింది నేను. మా ఇంటాయన ఆయప్పకే ఏసినాడు. తెల్ల మిషన్లో ఎయ్యనిది నేను. ఈ సామి ముందర చెప్తా ఉండా. అబద్ధమైతే సామి నన్నే చూసుకోనీ."

ఊరి నాయకుడు ఫోన్ కిందికి దించాడు. "ఎందుకు ఎయ్యలేదత్తా?" అన్నాడు.

"సూపు మసకలప్పా. పైది నొక్కబొయ్యి కిందిది నొక్కినా. బయట చెప్తే మీ మామ తిడతాడని చెప్పలేదు."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. ఊరి నాయకుడు కూడా నవ్వాడు. ఆయనకు కూడా హాయిగా ఉన్నట్టుంది, దొంగ దొరికింది, అదీ కళ్ళు కనపడని ఒక ముసలామె. "సరేలే మామా, పో. ఈసారి అత్తకు కండ్లద్దాలు తీసియ్యి" అని, "తర్వాత ఎవరప్పా?" అన్నాడు.

నాయన అక్కడే నిలబడి ఉన్నాడు. నోరు తెరిచాడు. అమ్మ తల తిప్పి ఆయన వైపు చూసింది. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. ఇప్పుడు ఆయన నిజం చెబితే, ఆ దేవుడి ముందు ఆమె అబద్ధాలకోరు అవుతుంది, అదీ నలుగురిలో. నాయన నోరు మూసుకున్నాడు. మా ఇంట్లో అందరికన్నా ఎక్కువగా ఆ దేవుడికి భయపడే మనిషి, ఆ దేవుడి ముందే అబద్ధం చెప్పి వచ్చింది.

తిరుగు బస్సులో నాయన ముందు సీటులో, మేమిద్దరం వెనక కూర్చున్నాం. అమ్మ చీర నుంచి నీళ్ళు కారి నడవంతా తడిసింది. కండక్టరు వచ్చి, బట్టలు మార్చుకుని ఎక్కకూడదా అమ్మా అని విసుక్కున్నాడు. అమ్మ తప్పయిపోయిందప్పా అంది.

చెట్లను ఎవరూ కోయలేదు. ఆ ఏడు కాయ బాగానే దిగింది. ఊళ్ళో ఆడవాళ్ళు అమ్మను చూస్తే, పైదా కిందిదా అని ఎగతాళి చేశారు కొన్నాళ్ళు. అమ్మ కూడా వాళ్ళతో నవ్వింది. ఇంట్లో మాత్రం నవ్వులు లేవు. నాయన ఎన్నికల ఊసే మానేశాడు. అడిగినా ఎక్కాలు రావు. ఆమె బావి గట్టు దగ్గరికి వెళితే వెనకాలే వెళ్ళి నిలబడేవాడు. ఆమె తుమ్మితే అన్నం ముద్ద చేతిలో అలాగే ఉండిపోయేది. ఒకసారి తోటలో ఆమె కాలికి ముల్లు గుచ్చుకుంటే, ఆ చిన్న ముల్లుకు నాయన పెట్టిన కేకలు విని పక్క తోటలవాళ్ళు పాము కరిచిందని పరిగెత్తుకొచ్చారట. నేను కూడా ఏమంత మెరుగు కాదు. ఊరి నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తడానికి చెయ్యి రాదు. అఫిడవిట్ల కింద దైవసాక్షిగా అని కొట్టేటప్పుడు వేళ్ళు ఆగిపోతున్నాయి. వకీలు గుమాస్తాలు ఏమ్మా నిద్రపోతున్నావా అంటారు.

ఒక ఆదివారం నేను ఊరికి వెళ్ళాను. నాయన లేడు. ఎరువుల కోసం ఐరాల వెళ్ళాడని చెప్పింది అమ్మ. మధ్యాహ్నానికి ఒట్టి చేతులతో వచ్చాడు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన లేచాక చూస్తే, కూర్చున్న చోట అరుగు తడిగా ఉంది. అమ్మ వెళ్ళి ఆయన పంచె అంచు పట్టుకుని పిండింది. నీళ్ళు కారాయి.

"యాడికి పొయినావు?" అంది.

నాయన పంచె అంచు ఆమె చేతిలోంచి లాక్కున్నాడు.

"ఆడికే పొయినావా? ఏమని చెప్పినావు సామికి?"

"ఉన్నదే చెప్పినా" అన్నాడు నాయన నేల చూస్తూ. "ఎయ్యనిది నేను, ఆమె తప్పేం లేదు అని చెప్పినా. ఆ అబద్ధం నా కోసం చెప్పింది కాబట్టి అది నా లెక్కలోనే ఏసుకోమన్నా. చేసేది ఏమన్నా ఉంటే నన్ను చెయ్యమన్నా."

అమ్మ అక్కడే కూలబడింది. ఇన్నాళ్ళూ నవ్వుతూ తిరిగిన మనిషి, ఆ రోజు కాణిపాకంలో కూడా గొంతు వణకని మనిషి, పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నీకేమీ కాకూడదనే కదయ్యా నేను చెప్పింది. మళ్ళా పొయ్యి నీ తలే ఇచ్చి వచ్చినావా?" అంది. నాయన ఆమె పక్కన కూర్చుని, "ఏమీ కాదులే, ఏమీ కాదులే" అంటూ ఉన్నాడు. ఆ మాట ఎవరికి చెబుతున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. ఆయన బట్టలు మార్చుకున్నాక నేను ఆ తడి పంచె తీసుకెళ్ళి పెరట్లో దండెం మీద ఆరేశాను. అంతకన్నా ఏం చేయాలో నాకు తోచలేదు.

ఏడాది ఇంకా తిరగలేదు. రోజూ పొద్దున ఫోన్ చేస్తాను. ఇదివరకు అమ్మ గొంతు ఒక్కటీ వింటే సరిపోయేది. ఇప్పుడు అమ్మతో మాట్లాడి, నాయనకు ఇమ్మంటాను. ఇద్దరి గొంతులూ విన్నాకే అంగడి షట్టరు ఎత్తుతాను.